వీసా వచ్చాక వాళ్ల చదువు ఎవరికి పట్టింది?

సంపాదకుడు గారికి,
నమస్కారం.

మే, జూన్ వచ్చాయంటే పత్రికల నిండా అమెరికా వీసా స్లాట్ల వార్తలే. స్లాట్లు దొరకడం లేదని, తిరస్కరణలు పెరిగాయని, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారని రోజూ చదువుతున్నాం. అవన్నీ కావలసిన వార్తలే, కాదనను. కానీ పాస్‌పోర్టు మీద వీసా ముద్ర పడి, శంషాబాద్‌లో విమానం ఎక్కిన పిల్లలు అక్కడ ఎలా చదువుతున్నారన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. 2024-25లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. చైనాను దాటి మనమే మొదటి స్థానంలో ఉన్నాం. అందులో మన తెలుగు పిల్లలు ఎంతమందో ఏ వీధిలో నిలబడి అడిగినా తెలుస్తుంది. ఇంజినీరింగ్ కాలేజీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, వీళ్లలో చాలామందికి సిఫార్సు లేఖలు రాసిచ్చినవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా దగ్గర చదివిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను. బీటెక్‌లో మంచి మార్కులే. ఎంఎస్‌కు వెళ్లి మొదటి సెమిస్టర్‌లో మూడు కోర్సులు తీసుకున్నాడు, అంటే తొమ్మిది క్రెడిట్లు. అక్టోబరు మిడ్‌టర్మ్‌లో అల్గారిథమ్స్ దెబ్బతింది. ఆ గ్రేడు జీపీఏను, అంటే గ్రేడ్ల సగటును, కిందకు లాగేస్తుందని భయపడి, గడువు ఇంకా ఉంది కదా అని పోర్టల్లోకి వెళ్లి ఆ కోర్సు డ్రాప్ చేసేశాడు. రూమ్‌మేట్లు కూడా ‘అందరూ అదే చేస్తారు’ అన్నారట. యూనివర్సిటీ రిజిస్ట్రార్ లెక్కలో అది మామూలు విషయమే. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా లెక్కలో మాత్రం తొమ్మిది కాస్తా ఆరయ్యాయి, ఫుల్‌టైమ్ విద్యార్థి కాకుండా పోయాడు. విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌లో అతని రికార్డు రద్దయింది. ఇప్పుడు ఇంటికొచ్చి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. తండ్రి పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పుకు వడ్డీ నడుస్తోంది.

బాధేమిటంటే, ఆ పిల్లవాడికి దారి ఉంది. కొత్తగా వెళ్లిన విద్యార్థికి ఇంగ్లిష్‌తో ఇబ్బందైనా, చదవాల్సింది మోయలేనంత అయినా, అక్కడి బోధన అలవాటు కాకపోయినా, తన స్థాయికి సరిపోని కోర్సులో పడినా, ఒక సెమిస్టర్ తక్కువ క్రెడిట్లతో చదువుకోనివ్వవచ్చని అమెరికా నిబంధనల్లోనే ఉంది. సగం లోడుకు తగ్గకూడదు, ఒక డిగ్రీ స్థాయిలో ఈ కారణంతో ఒక్కసారే ఇస్తారు. అనారోగ్యమైతే డాక్టరు పత్రంతో మొత్తం పన్నెండు నెలల వరకు ఇవ్వవచ్చు. అనుమతి ఇచ్చేది యూనివర్సిటీలో వీసాకు కావలసిన ఐ-20 పత్రం జారీ చేసే అధికారి, పిల్లలు డీఎస్‌ఓ అంటారు. అసలు షరతు ఒక్కటే: ముందు అనుమతి, ఆ తర్వాతే డ్రాప్. వరస తారుమారైతే స్టేటస్, అంటే విద్యార్థిగా అక్కడ ఉండే హక్కు, పోతుంది. పోయాక మళ్లీ ఇమ్మని ఐదు నెలల లోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు గానీ, ఇస్తారన్న భరోసా లేదు. ఈ ఒక్క ముక్క విమానం ఎక్కకముందే ఆ కుర్రాడి చెవిన ఎవరైనా వేసి ఉండాల్సింది. లక్షలు తీసుకున్న కన్సల్టెన్సీ వేయలేదు. కాలేజీలో మేమూ వేయలేదు, ఎందుకంటే మా కాలేజీలో అలాంటి ఏర్పాటే లేదు.

2019లో మిషిగన్‌లో అమెరికా అధికారులే నడిపిన ఫార్మింగ్టన్ నకిలీ యూనివర్సిటీ కేసులో మన పిల్లలు పట్టుబడ్డప్పుడు అంతటా గగ్గోలైంది. అప్పటి నుంచి నకిలీ యూనివర్సిటీల గురించి అడపాదడపా హెచ్చరిస్తూనే ఉన్నాం. అసలైన యూనివర్సిటీలో చేరి, నిజంగా చదవాలనుకుని, మొదటి నాలుగు నెలల్లో జారిపోతున్న పిల్లల గురించి మాత్రం మాట్లాడం.

ఎందుకు జారుతున్నారో నాకు తెలుసు. ఇక్కడ నూటికి 60, 70 మార్కులు చివరి పరీక్షవే. ఆఖరి వారం రాత్రింబవళ్లు కూర్చుంటే గట్టెక్కుతారు, తప్పితే సప్లీ ఉండనే ఉంది. అక్కడ మార్కులు వారం వారం అసైన్‌మెంట్లు, క్విజ్‌లు, ప్రాజెక్టుల మధ్య చీలిపోయి ఉంటాయి. నవంబరులో మేలుకుంటే సగం మార్కులు అప్పటికే పోయి ఉంటాయి. పీజీలో మామూలుగా జీపీఏ 3.0 నిలబెట్టుకోవాలి. ‘ఎ’కు 4, ‘బి’కి 3, ‘సి’కి 2 లెక్కన, మూడు కోర్సుల్లో రెండు ‘బి’లు, ఒక ‘సి’ వచ్చాయనుకోండి, 2.67. అంటే ప్రొబేషన్, మార్కులు మెరుగుపరచుకోమన్న హెచ్చరిక. చాలా చోట్ల ఫీజు రాయితీ కూడా ఎగిరిపోతుంది. మరుసటి సెమిస్టర్‌లో ఒక ‘ఎ’, రెండు ‘బి’లు తెచ్చుకుంటేనే సరిగ్గా 3.0కి చేరతారు. ఈ లెక్క సెప్టెంబరులోనే తెలిసిన పిల్లవాడు ఒక రకంగా చదువుతాడు, డిసెంబరులో తెలిసినవాడు చేయగలిగింది తక్కువ.

ఇంకో సంగతి. మన ల్యాబ్ రికార్డులు ఒకరివి చూసి ఒకరు రాసుకున్నా ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. అదే అలవాటుతో స్నేహితుడి కోడ్‌లో పేర్లు మార్చి పెడితే అక్కడ సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది, ‘ఎఫ్’ పడుతుంది, క్రమశిక్షణ కమిటీ ముందు నిలబడాలి. ప్రొఫెసర్లు వారంలో కొన్ని గంటలు విద్యార్థుల కోసమే తలుపు తెరిచి కూర్చుంటారు. ట్యూటరింగ్ ఉంటుంది, వ్యాసాలు దిద్దిపెట్టే కేంద్రాలు ఉంటాయి, చాలావరకు ఉచితం. మన పిల్లలు వెళ్లరు. సార్ గదికి వెళ్లడమంటే తిట్లు తినడానికే అన్న భయం మేమే వాళ్లకు నేర్పాం.

పైన అప్పు ఒత్తిడి. క్యాంపస్‌లో సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలే పని చేయాలి. బయట దొంగచాటుగా రాత్రి షిఫ్టులు చేసే పిల్లలకు చదువూ పోతుంది, స్టేటస్సూ పోతుంది. ఇంట్లో చెప్పరు. అక్కడి చట్టం ప్రకారం విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే తల్లిదండ్రులు అడిగినా యూనివర్సిటీ మార్కులు చెప్పదు. అందుకని అమ్మానాన్నలకు నా మనవి: ఫోనులో ‘పార్ట్‌టైమ్ దొరికిందా’ అని అడిగే ముందు ‘మిడ్‌టర్మ్ ఎలా రాశావ్’ అని అడగండి. తక్కువ వచ్చాయంటే అరవకండి. భయపడిన పిల్లలు ముందు దాచేది ఇంట్లోవాళ్ల దగ్గరే.

ప్రభుత్వం చేయగలిగింది చాలా ఉంది. తెలంగాణలో అంబేద్కర్, మహాత్మా జ్యోతిబా ఫూలే పేర్ల మీద ఉన్న విదేశీ విద్యానిధి పథకాలు ఒక్కొక్కరికి రూ. 20 లక్షల వరకు ఇస్తున్నాయి. అది ప్రజాధనం, నిరుపేద ఇళ్ల ఆశ. మొదటి సెమిస్టర్ ఫలితం చూపితేనే రెండో విడత అన్న నిబంధన పెట్టిన అధికారులు ఆ ఫలితం చెడకుండా చూసే బాధ్యత కూడా తీసుకోవాలి. మొదటి విడతకు ముందే రెండు రోజుల శిక్షణ పెట్టి క్రెడిట్లు, జీపీఏ, డ్రాప్ అనుమతి, కాపీ నిబంధనలు తెలుగులో విడమరిచి చెప్పించాలి. అక్టోబరు మొదట్లో ప్రతి లబ్ధిదారుకూ ఫోను చేసి చదువు ఎలా ఉందో అడిగే మనిషిని పెట్టాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ ఇదే విన్నపం. తానా, ఆటా వంటి అమెరికా తెలుగు సంఘాలు పిల్లలకు ఆపద వస్తే ముందుకొస్తున్నాయి, వాళ్లకు దండం. పిల్లలు చేరిన ఊళ్లోనే ఎంఎస్ పూర్తి చేసినవారిని కొత్తవారికి మొదటి సెమిస్టర్ తోడుగా ఒప్పిస్తే, కొన్ని ఆపదలు వచ్చేదాకా పోవు.

ఆగస్టు బ్యాచ్ బయల్దేరేలోగా రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఈ శిక్షణ మొదలుపెట్టాలని కోరుతున్నాను. పాఠం చెప్పడానికి మనుషులు కావాలంటే, మావంటి రిటైరైన అధ్యాపకులం జీతం అడగకుండా వస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజినీరింగ్ అధ్యాపకుడు,
హనుమకొండ.