ఇంటర్ పిల్లలు, గ్రామసభ, ఫారం 6

తల్లిదండ్రులకు నమస్కారం.

మార్కుల సంగతి ప్రోగ్రెస్ కార్డులో ఎలాగూ చూస్తారు. ఈ నెల ఉత్తరం పిల్లల ఓటు నమోదు గురించి రాస్తున్నాను. ఇంటర్ పిల్లలున్నవాళ్లు చివరిదాకా చదవండి.

బడి గేటు పక్కన మురికికాలువ మీ అందరికీ తెలిసిందే. వానలు మొదలవగానే మన పిల్లలు ఒక ఆదివారం పారలు పట్టి శ్రమదానం చేశారు. ఆ వాడకట్టు వాళ్లు చాయ్ పోశారు, కొందరు తామూ పార అందుకున్నారు. తర్వాతి వానకే నీళ్లు మళ్లీ రోడ్డెక్కాయి. అడుగున తూము పూడుకుపోయింది. అది పిల్లలు తవ్వి తీసేది కాదు, పంచాయతీ నిధులతో చేయాల్సిన పని. అందుకని సెకండియర్ పిల్లలు అర్జీ రాసుకుని గ్రామసభకు వెళ్లారు. (అక్కడ పెద్దల కంటే వీళ్లే ఎక్కువ కనిపించారట. మీలో ఎవరెవరు వెళ్లారో నేను అడగను.) సర్పంచ్ గారు అర్జీ తీసుకున్నారు, సెక్రటరీ గారు రాసుకున్నారు. తీర్మానానికి చేతులెత్తమన్నప్పుడు మాత్రం పిల్లల చేతులు లెక్కలోకి రాలేదు. చట్టం ప్రకారం గ్రామసభ సభ్యులంటే ఊరి ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్లే. ఓటంటే ఐదేళ్లకోసారి వేలికి సిరా పూయించుకోవడమే అనుకుంటాం గానీ, ఆ జాబితాలో పేరుంటేనే ఊరి పనుల్లో మన మాట లెక్కకొస్తుంది. తర్వాతి సభకు ఓటున్న మీరు కూడా వాళ్లకు తోడు వెళ్లండి.

తిరిగొచ్చాక ఒకమ్మాయి "మా పేర్లు ఎప్పుడెక్కుతాయి సార్?" అని అడిగింది.

పద్దెనిమిదేళ్లకే ఓటు 1989 నుంచి ఉంది, అంతకుముందు 21 నిండాలి. అయితే మొన్నమొన్నటి దాకా జనవరి 1 ఒక్కటే లెక్క. జనవరి 2న పద్దెనిమిది నిండిన పిల్లాడు ఏడాదంతా ఆగాల్సిందే. 2022 ఆగస్టు నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అని నాలుగు తేదీలు పెట్టారు. పదిహేడు దాటినవాళ్లు ముందుగానే ఫారం 6, అంటే కొత్త ఓటరు దరఖాస్తు, ఇవ్వొచ్చు. వయసు నిండాక వచ్చే తేదీ లెక్కన పేరెక్కుతుంది. టెన్త్ మెమో, చిరునామాకు కరెంటు బిల్లో ఆధారో, ఒక ఫొటో చాలు. తర్వాత బీఎల్వో (ఓటర్ల జాబితా పని చూసే బూత్ స్థాయి అధికారి) ఇంటికొచ్చి విచారిస్తారు. మన దగ్గర చాలా ఊళ్లలో బీఎల్వో అంటే అంగన్‌వాడీ టీచరమ్మే, కొత్తవాళ్లెవరో అని కంగారుపడొద్దు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు విడిగా చెప్పాలి. "ఎట్లాగూ పెళ్లయి పోయేదే కదా సార్, అత్తగారింటి దగ్గరే రాయించుకుంటది" అనే మాట ప్రతి మీటింగులో వింటున్నాను. పెళ్లి ఎప్పుడో, ఏ ఊరో ఎవరికి తెలుసు? పేరు ఇక్కడుంటే రేపు ఫారం 8 ఇచ్చి ఎక్కడికైనా మార్చుకోవచ్చు. కొడుకు పేరు ఎక్కించి కూతురి పేరు ఆపడం నాకు సబబుగా తోచదు. హాస్టల్ అమ్మాయిలు సొంతూళ్లోనైనా, హాస్టల్ చిరునామాలోనైనా నమోదు కావొచ్చు, రెండు చోట్లా కుదరదు. హాస్టలే కావాలంటే ధ్రువపత్రం మేమిస్తాం. నన్నడిగితే సొంతూరే మేలు, ఎలాగూ ఇంటర్ కాగానే ఇక్కడ గది ఖాళీ చేస్తారు.

ఇంకొకటి. ఎన్నికలప్పుడు జెండాలు మోయడానికి, కరపత్రాలు పంచడానికి పిల్లల్ని పంపకండి. ప్రచారంలో పిల్లల్ని వాడొద్దని ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరిలో పార్టీలకు గట్టిగానే చెప్పింది. బిర్యానీ ప్యాకెట్ కోసం క్లాసు ఎగ్గొట్టినవాళ్లు మన బడిలోనూ ఉన్నారు, పేర్లు నాకు గుర్తున్నాయి.

వచ్చే శనివారం పేరెంట్స్ మీటింగు అయ్యాక కంప్యూటర్ ల్యాబులో దరఖాస్తులు నింపిస్తాం. పిల్లలే నింపుతారు, మీరు పక్కన కూర్చుంటే చాలు. మీ ఓటరు కార్డు కూడా తెండి, దరఖాస్తులో ఇంట్లోవాళ్ల వివరం అడుగుతారు. పనిలో పనిగా జాబితాలో మీ పేరు, ఇంటి నంబరు సరిగా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవచ్చు. శనివారం కుదరనివాళ్లు ఎన్నికల సంఘం యాప్‌లో నింపుకోవచ్చు, అనుమానాలుంటే 1950కి ఫోన్ చేయండి.

ఇట్లు,
ప్రిన్సిపాల్