నాలుగు స్వరాలు

నల్లకుంట, హైదరాబాద్

చిన్నీ,

మొన్న ఫోన్‌లో "సినిమాకి నేనే ట్యూన్ కట్టినా ఒకేలా ఉందంటున్నారు నాన్నా" అన్నావు. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. తర్వాత రెండు రాత్రులు కూర్చుని హాలీవుడ్ సంగీత దర్శకుడు జేమ్స్ హార్నర్‌ని వరసగా విన్నాను.

2009లో నిన్ను 'అవతార్'కి తీసుకెళ్లాం, గుర్తుందా? నువ్వు కళ్లద్దాలు జారిపోకుండా పట్టుకుని చూస్తున్నావు. అడవి మీదికి సైన్యం వచ్చేటప్పుడు ఒక నాలుగు స్వరాల ముక్క లేచింది. ఇదెక్కడో విన్నానే అనుకున్నాను. ఇంటికొచ్చి వెతికితే 2004 నాటి 'ట్రాయ్'లో ఉంది. 2001లో 'ఎనిమీ ఎట్ ది గేట్స్'లో ఉంది. 1988లో 'విల్లో'లో విలన్‌కీ అదే! అభిమానులు దాన్ని డేంజర్ మోటిఫ్, అంటే ప్రమాదానికి గుర్తుగా వచ్చే స్వరాల ముక్క, అంటారు. రష్యన్ స్వరకర్త రాక్‌మనినోవ్ మొదటి సింఫనీ ఎత్తుగడ కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. ఈ విషయంలో హార్నర్‌ని తిట్టినవాళ్లు చాలామందే ఉన్నారు.

మొన్న రాత్రి వంటింట్లోంచి మీ అమ్మ "ఇదీ అతనిదేనా?" అంది. తెర వైపు చూడనేలేదు. త్యాగరాజ కీర్తన చివరి చరణంలో ఆయన పేరు ముద్ర కోసం ఎదురుచూసే మనిషి కదా, ఆమె చెవికి అది ఇట్టే దొరికింది.

అలాగని అన్నిచోట్లా నాకు నచ్చిందని కాదు. 'ఎనిమీ ఎట్ ది గేట్స్'లో అది ఎన్నిసార్లు వస్తుందంటే, కాసేపటికి భయం పోయి విసుగొస్తుంది. 'ట్రాయ్' సంగతి వేరు. ముందు గాబ్రియేల్ యారెడ్ అనే స్వరకర్త చేసిన సంగీతాన్ని తీసేసి, ఆఖర్లో ఇతన్ని పిలిచారు. చేతిలో కొద్ది వారాలే. అంత టెన్షన్‌లో చెయ్యి తెలిసిన మెట్టు మీదికే పోతుంది. నీకు తెలియనిదా!

ఇదే మనిషి 'టైటానిక్'లో మాటల్లేని ఆడగొంతుతో, ఐరిష్ వాద్యాలతో సముద్రాన్నంతా వినిపించాడు. ఆ సినిమాకి రెండు ఆస్కార్లు తీసుకున్నాడు. ఐరిష్ పైపులు అంతకుముందు 'బ్రేవ్‌హార్ట్'లోనూ వాడినవే. అప్పుడు ఎవరూ పాతదని విసుక్కోలేదు, ఎందుకంటే ఆ సీన్‌కి అవి కావాలి.

అందుకే ఒకేలా ఉందన్న మాటకి బెంగపడకు. వాళ్లు వద్దన్న మూడు బిట్లూ నాకు పంపు, సీన్ ఏమిటో కూడా రాయి. నీ అలవాటు సీన్ కోసం వచ్చిందెక్కడో, రాత్రి రెండింటికి ఫైలు ఇవ్వాలి కాబట్టి వచ్చిందెక్కడో కలిసి విందాం. రెండోరకంవి నువ్వే తీసేస్తావు.

ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి. సాయంత్రమైతే పక్కింటివాళ్ల టీవీ మోతలో నాకేమీ వినపడదు.

నాన్న