ఆరడుగుల బల్లకు చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

విశాఖ నగరపాలక సంస్థ కమ్యూనిటీ హాళ్లలో గానీ, గ్రంథాలయాల్లో గానీ, నెలకు ఒక ఆదివారం ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల బల్ల ఒకటి, బొమ్మ సైన్యాలతో యుద్ధపు ఆట ఆడే మావంటి ఆటగాళ్లకు ఇప్పించవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఈ కోరిక వింతగా తోచవచ్చు గనుక దాని వెనకనున్న సంగతి కొంత వివరంగా మనవి చేసుకుంటాను.

1986లో, నాకు పన్నెండేళ్లప్పుడు, సరుకు ఓడలో ఇంజినీరుగా పనిచేసే మా మేనమామ ఇంగ్లండు నుంచి వస్తూ సబ్బుపెట్టెలో ఐదు సీసపు బొమ్మలు తెచ్చారు. గొడ్డళ్లు పట్టిన మరుగుజ్జు వీరులు ముగ్గురు, కోరలున్న రాక్షసులు ఇద్దరు. ఒక్కొక్కరూ అంగుళానికి కాస్త అటూ ఇటూ. ఆ ఏడు సంక్రాంతికి మా అమ్మ బొమ్మల కొలువులో అట్టడుగు మెట్టు మీద వాటికీ చోటిచ్చింది. అవి 1983లో ఇంగ్లండులో వెలువడిన వార్‌హామర్ అనే ఆట కోసం పోతపోసినవని, మామయ్య మరుసటి ప్రయాణంలో నియమాల పుస్తకం తెచ్చాకే తెలిసింది. ఇప్పుడు నా దగ్గర పదకొండు వందలకు పైగా బొమ్మలున్నాయి.

ఇది చిన్నపిల్లల వ్యవహారమని కొట్టిపారేసేవారిని ఎందరినో చూశాను, వారి మాట నేను ఒప్పుకోను. చతురంగ బలాలను గళ్ల మీద నిలిపి ఆడుకున్న దేశం మనది. 1824లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యపు సైన్యం తన అధికారుల శిక్షణకు స్వీకరించింది పటాలూ పాచికలతో ఆడే ఇటువంటి ఆటనే. బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకోవడానికి 1913లో నియమాలు రాసి అచ్చువేసినవారు హెచ్.జి. వెల్స్ అంతటి రచయిత.

ఆట ఎలా సాగుతుందో చెబితే దాని విలువ తెలుస్తుంది. నేను నేర్చుకున్న పాత నియమాల ప్రకారం ఒక విడతలో మరుగుజ్జు మూడంగుళాలు, మనిషి నాలుగు, ఎల్ఫ్ అనే కల్పిత జాతివాడు ఐదు అంగుళాలు నడుస్తారు. టేపు పెట్టి కొలిచి జరపాలి. దగ్గరలో ఆరుబయట నిలబడిన శత్రువుకు మామూలు విలుకాడి బాణం తగలాలంటే పాచిక మీద నాలుగు గానీ, ఐదు గానీ, ఆరు గానీ పడాలి. శత్రువు పొద చాటునుంటే ఐదో ఆరో పడాలి, రాతిగోడ చాటునుంటే ఆరు ఒక్కటే. మా అపార్టుమెంటులో ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి ఒకడు, పన్నెండు మంది విలుకాళ్లను ఎక్కడ నిలపాలా అని ఆలోచిస్తూ, ఆరుబయటైతే ఆరు బాణాలు, పొదకు నాలుగు, గోడకు రెండే తగలవచ్చని వేళ్ల మీద లెక్కగట్టి నాకు వివరించాడు. సంభావ్యత అన్న మాట వాడు అప్పటికి విననైనా లేదు.

ఆట కన్నా ఎక్కువ కాలం పట్టేది రంగులు వేయడం. ముందు నల్లరంగు పూత వేసి ఆరనిచ్చి, కుంచెకు వెండిరంగు అద్ది, గుడ్డ మీద తుడిచి, ఇక రంగు లేదనిపించే కుంచెతో గొలుసు కవచం మీద పైపైన రాస్తే, ఉబ్బెత్తుగా ఉన్న కడియాలు మాత్రం తళుక్కుమని, సందులు నల్లగానే నిలుస్తాయి. మన సముద్రపు తేమ ఈ పనికి పెద్ద చిక్కు. వానాకాలంలో వార్నిష్ స్ప్రే చేస్తే బొమ్మంతా మంచు పట్టినట్టు తెల్లబారుతుంది గనుక ఆ పని డిసెంబరు, జనవరి నెలల్లో ఎండ బాగా వచ్చాకే చేస్తాను. పదిహేనేళ్ల కిందట మూసి ఉంచిన చెక్క బీరువా తీసి చూస్తే, మామయ్య తెచ్చిన మరుగుజ్జు గొడ్డలి అంచున తెల్లటి పొడి రాలుతోంది. చెక్క నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి, తేమ కలిసి సీసాన్ని తినేస్తాయని అప్పుడు నేర్చుకున్నాను. గొడ్డలి సగం పోయింది. మిగిలినవాటిని ఆ రాత్రే స్టీలు అరల్లోకి మార్చాను. ఆ పాత సీసపు బొమ్మలను పిల్లల చేతికి ఇవ్వను. వారు ఆడేది ప్లాస్టిక్ బొమ్మలతోనే.

ఇక బల్ల సంగతి. రెండు సైన్యాలు, కొండలు, చెట్లు, కోట పరవడానికి ఆరడుగులు, నాలుగడుగులు కావాలి, ఆట ముగియడానికి మూడు గంటలు పడుతుంది. రెండు గదుల ఫ్లాట్లలో అంత చోటు ఎవరికుంది? మా ఇంట్లో భోజనాల బల్ల మీద మొదలుపెట్టిన ఆటను వంట కాగానే సగంలో ఎత్తేస్తాం. మన పెద్దలకు ఈ ఇబ్బంది లేదు. పాత గుడి మండపాల రాళ్ల మీద పులిజూదం గీతలు నేటికీ కనిపిస్తాయి. పదిమందీ కూర్చునే చోటే ఆటకూ చోటిచ్చారు వారు. అటువంటి చోటే నగరంలో ఒకటి కావాలని మా కోరిక.

దీనికి ఖర్చేమీ ఉండదు. రెండు ప్లాస్టిక్ సైన్యాలు, టేపులు, పాచికలు నేను తెస్తాను. ఏటికొప్పాక కళాకారుల చేత అంకుడు కర్రతో చేయించి, లక్కరంగులు వేయించిన నాలుగు బురుజులూ తెస్తాను. అవి చూసి మన జిల్లాల పనితనం ఇలాంటిదా అని ఆశ్చర్యపోని పిల్లలు లేరు. ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు బల్ల, ఎనిమిది కుర్చీలు ఇస్తే చాలు. ఏ హాలువారు సరేనన్నా వచ్చే ఆదివారానికే మేము సిద్ధం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం