ఆదివారం సెషన్: ఈసారి క్లిక్ చేసి చదివే కథలు

అందరికీ హాయ్ అండి 🙏
ఈ ఆదివారం సాయంత్రం 6కి మన ఆన్‌లైన్ సెషన్. ఈసారి పుస్తకం లేదు, న్యూ మీడియా రైటింగ్ ప్రైజ్ షార్ట్‌లిస్టుల్లోంచి ఒక్కొక్కరు ఒక్కో రచన తీసుకుందాం. ఇంగ్లండ్‌లో బోర్న్‌మత్ యూనివర్సిటీ వాళ్లు 2010లో మొదలుపెట్టిన అవార్డు ఇది, స్క్రీన్ మీదే పుట్టిన రచనలకి ఇస్తారు.

ఫోన్‌లో వద్దు, ల్యాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చదవండి, చాలావాటిల్లో సౌండ్ కూడా కథలో భాగమే. ఒకసారి అయ్యాక మళ్లీ మొదట్నుంచి వేరే లింకులు నొక్కుతూ వెళ్లండి, ముగింపు నిజంగా మారిందా లేక ఎటు తిరిగినా అక్కడికే తెచ్చి పడేశారా అన్నదే నాకు అసలు ఇంట్రెస్ట్. యానిమేషన్ హంగామా చూసి పడిపోకండి, వాక్యం బాగుందా లేదా చూడండి.

పాతవి కొన్ని ఓపెన్ అవ్వకపోవచ్చు, అవి నడవడానికి వాడిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌ని 2020 చివర్లో ఆపేశారు కదా, అలాంటివి వదిలేయండి.

రాయాలనుకునేవాళ్లు, ఇలాంటి క్లిక్ కథలు తయారుచేసే ట్వైన్ అనే టూల్ ఒకసారి తెరిచి చూసి రండి, ఫ్రీనే, కోడింగ్ రాకపోయినా పర్లేదు.

ఏది చదువుతున్నారో శుక్రవారం లోపు ఇక్కడే పెట్టండి, ఇద్దరు ఒకటే తీసుకోకుండా. థంబ్స్ అప్ కొట్టి ఊరుకుంటే లెక్కలోకి రాదు 😄