అమ్మను బుట్టలో మోసుకొచ్చిన ఆయనకు

నిన్న సాయంత్రం అమ్మకు ఆక్సిజన్ తీసేశారు. ఇవాళ పొద్దున నాలుగు చెంచాల కిచిడీ తిని, "ఆవకాయ లేదా?" అని అడిగింది. ఆ మాట వినగానే ఇవతలికొచ్చి, రిషికేశ్ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. నాలుగు రాత్రులుగా సరైన నిద్ర లేదు, తప్పులుంటే మన్నించండి.

నాన్నకు కేదారనాథ్ చూడాలని చాలా కోరిక. నా చిన్నప్పుడు కార్తీక సోమవారాల్లో తెనాలిలో శివాలయానికి తీసుకెళ్లేవారు. దీపం పెట్టి తిరిగొస్తూ ప్రతిసారీ "రిటైరయ్యాక కేదారం పోదాం" అనేవారు. రిటైరయ్యారు, మోకాళ్లు అరిగిపోయాయి, ఆ తర్వాత ఆయనే లేకుండా పోయారు. అమ్మకు ఇప్పుడు 67. నాన్న కండువా సంచీలో పెట్టుకుని, గుడి గడపకు తాకించి తెస్తానని బయల్దేరింది.

గౌరీకుండ్ దగ్గర సుమారు 2,000 మీటర్ల ఎత్తులో మొదలయ్యే నడక దారి గుడి దగ్గరికి వెళ్లేసరికి 3,500 దాటుతుంది. ఒంటికి ఎత్తు అలవాటయ్యేలా కింద గుప్తకాశీలో ఒకరోజు ఆగి వెళ్లమని తమ్ముడు చెప్పాడు. నేను వినలేదు. అమ్మను గుర్రం మీద ఎక్కించి సాయంత్రానికి దారిలోని లించోలీ చేరి, డేరాలో పడుకున్నాం. రాత్రంతా దగ్గు. తెల్లారేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. వేలికి ఆక్సిజన్ మీటర్ పెడితే 64 శాతం. బయట వాన, పొగమంచు. హెలికాప్టర్లు ఎగరడం లేదన్నారు. అమ్మ గుర్రం మీద కూర్చోలేకపోతోంది, తల నిలబడటం లేదు.

టీ కొట్టు దగ్గర ఒక నేపాలీ కూలీ రొట్టె తింటున్నాడు. నా హైదరాబాద్ హిందీలో ఏం చెప్పానో నాకే గుర్తులేదు. అమ్మ ముఖం చూశాడు, పళ్లెంలో రెండో రొట్టె అలాగే వదిలేసి లేచాడు.

అమ్మను తన కండీలో కూర్చోబెట్టుకున్నాడు. కండీ అంటే వీపుకు తగిలించుకునే బుట్ట. బరువంతా నుదుటికి చుట్టిన పట్టీ మీద పడుతుంది. అందులో మనిషి వెనక్కి తిరిగి కూర్చోవాలి. ఆయన మీద ఒకటే ప్లాస్టిక్ షీట్ ఉంది, అది తీసి అమ్మకు కప్పాడు. అక్కణ్ణుంచి గౌరీకుండ్ దాదాపు 11 కిలోమీటర్లు. ఆ తడి రాళ్ల మీద ఒక్కసారి కూడా కాలు జారనివ్వలేదు. 2013 వరదల్లో రాంబాడా ఊరు కొట్టుకుపోయిన చోట మాత్రం ఒక్క నిమిషం నిలబడి మందాకిని నదికి దండం పెట్టాడు. ఎవరి కోసమో నేను అడగలేదు.

దిగేకొద్దీ అమ్మకు ఊపిరి అందడం మొదలైంది. తెలివి రాగానే ఏడుపు. "ఇంత దూరం వచ్చి, ఆయన కండువా గడప తాకకుండానే తీసుకుపోతున్నానే" అని. అమ్మ ఎందుకు ఏడుస్తోందని అడిగాడు. చెప్పాను. ఆయన ఆగకుండానే అన్నాడు: "మాతాజీ, నేను కిందికి చూస్తూ నడుస్తున్నాను. మీ ముఖం కేదార్ బాబా వైపే ఉంది. దిగేదాకా చూస్తూనే ఉండండి."

నాకు కాళ్లలో సత్తువ పోయింది. అప్పటిదాకా ఏడవలేదు నేను. రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయాను.

భీమ్‌బలీలో ఆగినప్పుడు పట్టీ ఒరిపిడికి ఆయన నుదురు ఎర్రగా కందిపోయి ఉంది. అమ్మ సంచీలోంచి నాన్న కండువా తీసి, మడతపెట్టి ఆ పట్టీ కింద తనే పెట్టింది. కండువా మళ్లీ అడగలేదు. ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఇక్కడొక మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. రిజిస్ట్రేషన్ కాగితం మూడు చోట్ల చూశారు. అమ్మ పల్స్ ఒక్క చోట కూడా చూడలేదు. దారిలో ఒక మెడికల్ క్యాంపులో సిలిండర్ ఖాళీ. కింద అంబులెన్స్ కోసం రెండు గంటల పైన ఎదురుచూశాం. అంతసేపూ ఆయన వెళ్లకుండా, అమ్మ పాదాలు ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చున్నాడు. ఎత్తుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, వెంటనే కిందికి దించడమే పెద్ద వైద్యమని ఇక్కడి డాక్టర్ చెప్పారు. ఆ వైద్యం చేసింది ఆయన. కూలి ఇచ్చాను, పేరు అడగలేదు. ఆ సిగ్గు నన్ను వదలడం లేదు. లించోలీ వైపు వెళ్లేవాళ్లకు నుదుటి పట్టీ కింద గోధుమరంగు అంచు కండువా ఉన్న మనిషి కనిపిస్తే, మాతాజీ బాగుందని చెప్పండి.

మా ఆయన, తమ్ముడు, మరదలు అందరూ వచ్చారు, చూసుకుంటున్నారు.

అయ్యో, ఆ మీటర్ పక్క డేరాలోని తమిళ దంపతులది. పేర్లు తెలియవు, వాళ్లకు నమస్కారం. స్వెటర్ ఇచ్చిన కరీంనగర్ పిన్నిగారు, రాత్రి డ్యూటీ నర్సమ్మ, తెనాలిలో మా తులసికి నీళ్లు పోస్తున్న పక్కింటి అత్తయ్యగారు, మీ అందరికీ కూడా.

ఇంకొకటి, లించోలీ టీ కొట్టాయనకు ఆ రొట్టెల డబ్బులు ఎవరూ ఇవ్వలేదు. ఎవరైనా వెళ్తుంటే చెప్పండి, పంపిస్తాను.