ఆ గంజిఫా కట్ట వయసు తేల్చిందెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో గంజిఫా పేకముక్కల మీద వ్యాసం వచ్చి రెండు వారాలు దాటింది. సవరణ వస్తుందేమోనని ఇన్నాళ్లూ చూశాను, రాలేదు. హస్తకళల ప్రదర్శనలో అమ్మకానికి వచ్చిన దశావతార కట్ట గోల్కొండ నవాబుల నాటిదనీ, దాని వయసు మూడున్నర శతాబ్దాలనీ, అమెరికాలో స్థిరపడిన తెలుగువారొకరు దాన్ని కొని వెంట తీసుకుపోతున్నారనీ మీ విలేఖరి ఎంతో సంబరంగా రాశారు. ఆ వయసు ఎవరు నిర్ణయించారో, దేన్నిబట్టి నిర్ణయించారో వ్యాసమంతా వెతికినా కనబడలేదు. అమ్మేవారు చెప్పారు, పత్రిక అచ్చు వేసింది. గోల్కొండను ఏలినవారు నవాబులు కారు, కుతుబ్‌షాహీ సుల్తానులు. వారి పాలన 1687లో ముగిసింది. ఆ మాత్రం సరిచూడడానికి పాఠశాల పుస్తకం చాలు.

మీరు ప్రచురించిన ఛాయాచిత్రాన్నే నిదానంగా చూడండి. దశావతార కట్టలో పది వరుసలుంటాయి. ఒక్కో వరుసకు రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెల ముక్కలు, వెరసి 120. ఏ అవతారానికి ఏ గుర్తు వేశారు, తొమ్మిదో అవతారంగా ఎవరిని నిలిపారు అన్నవి ప్రాంతాన్నిబట్టి మారుతాయి కనుక కట్ట పుట్టిన చోటు తెలుసుకోవడానికి చూడవలసిన మొదటి ఆనవాళ్లు అవే. మీ బొమ్మలో గుండ్రటి పెద్ద కళ్లతో ఉన్నది జగన్నాథుడు. బుద్ధుడికి బదులు జగన్నాథుణ్ణి వేయడం ఒడిశాలోనూ, బెంగాల్‌లోని బిష్ణుపూర్‌లోనూ ఉన్న సంప్రదాయం. అటువంటి కట్ట గోల్కొండకు ఎన్నడూ చేరలేదని నేను అనబోవడం లేదు. కానీ మొఘలు దర్బారు పద్ధతిలో ఆడే కట్టకు ఎనిమిది వరుసలు, 96 ముక్కలు. జగన్నాథుడున్న దశావతార కట్టను సుల్తానుల కొలువులో ఆడారని చెప్పేవారు దానికి రుజువు కూడా చూపించాలి కదా.

ఆట పాతది గనుక కట్ట కూడా పాతదే అన్న ధోరణిలో వ్యాసం సాగింది. సింధు ప్రాంతంలోని షా హసన్‌కు 1527లో గంజిఫా పంపినట్టు బాబరు తన ఆత్మకథలో రాసుకున్నాడు. అక్బరు నాటి ఆటను ఆయన కొలువులోని చరిత్రకారుడు అబుల్ ఫజల్ వర్ణించాడు. మైసూరు మహారాజు మూడవ కృష్ణరాజ ఒడెయారు 19వ శతాబ్దంలో కొత్త కొత్త కట్టలు రూపొందించాడు. ఇవన్నీ ఆట చరిత్రకు సాక్ష్యాలు. మొన్న ప్రదర్శనలో బల్ల మీద పెట్టిన కట్టకు వీటిలో ఏదీ సాక్ష్యం కాదు.

‘శాస్త్రీయంగా నిర్ధారణ అయింది’ అన్న వాక్యం నన్ను మరింత బాధపెట్టింది. ఏ పరీక్ష చేశారు? రేడియో కార్బన్ పరీక్ష అయితే 17వ శతాబ్ది నడుమ నుంచి 20వ శతాబ్ది దాకా ఉన్న కాలంలో అది ఒక తేదీ తేల్చి చెప్పలేదు, పైగా దానికోసం ముక్కలోంచి కొంత కత్తిరించి ఇవ్వాలి. ఇటువంటి వస్తువు వయసును ఎక్కువగా పట్టించేవి రంగులే. కృత్రిమంగా తయారుచేసిన అల్ట్రామెరైన్ నీలం 1828 తరువాతది. రసాయన అద్దకాలు 1856 తరువాతే పుట్టాయి. టైటానియం తెలుపు బజారుకు వచ్చింది 1920 ప్రాంతంలో. వీటిలో ఏ ఒక్కటి మొదటి పూతలోనే కనిపించినా మూడున్నర శతాబ్దాల మాట అక్కడితో ఆగిపోతుంది. అతినీలలోహిత దీపం కింద పెడితే ఇటీవలి కాగితం, ఇటీవలి మరమ్మతు చాలావరకు బయటపడతాయి. ఆ దీపానికి పెద్ద ప్రయోగశాల ఏమీ అక్కరలేదు.

దీపం కూడా లేనివారు కంటితో చేయగల పని ఎంతో ఉంది. ముందు ముక్కలన్నీ లెక్కపెట్టాలి. అన్నీ ఒకే చేతి పనేనా, పోయిన ముక్కల స్థానంలో తరువాతి కాలంలో వేరొకరు వేసి చేర్చినవి ఉన్నాయా అని చూడాలి. పెట్టె పాతదై ముక్కలు కొత్తవి కావచ్చు, ముక్కలు పాతవై పెట్టె కొత్తది కావచ్చు. గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పూసి, రంగులు వేసి, పైన లక్క పూసి చేసే పద్ధతి ఇవాళ్టికీ బతికే ఉంది కాబట్టి, పాత పద్ధతిలో చేసినంత మాత్రాన అది పాత కాలానిది అయిపోదు. మహారాష్ట్రలోని సావంతవాడిలో రాజకుటుంబమే పూనుకుని 1970ల నుంచి ఈ పనికి మళ్లీ ప్రాణం పోసింది. అవి చక్కటి పనితనం గల కట్టలు. అటువంటి కొత్త కట్టకు పొగ పట్టించి, అంచులు రుద్ది, శతాబ్దాల వయసు అంటగడితే కొన్నవారితోపాటు దాన్ని చేసిన కళాకారుడూ మోసపోతాడు. అతని శ్రమ పేరులేని పాతకాలపువాడి ఖాతాలో పడుతుంది, లాభం మధ్యవాడికి పోతుంది.

ఇక చట్టం సంగతి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం 1976 నుంచి అమలులో ఉంది. నూరేళ్లు దాటిన ఇటువంటి కళావస్తువు దాని కిందికి వస్తుంది. దాని వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, సొంతానికి దేశం దాటించడం నేరం. మీ వ్యాసంలోని వయసు నిజమైతే ఆ కట్ట విమానం ఎక్కకూడదు. అబద్ధమైతే కొన్న పెద్దమనిషి దగ్గర అన్యాయంగా డబ్బు గుంజినట్టు. ఈ రెంటిలో ఏదైనా ఎవరో ఒకరు జవాబు చెప్పవలసిందే. అయినా మీ విలేఖరి అడగలేదు, ప్రదర్శనకు రిబ్బను కత్తిరించిన అధికారులూ అడగలేదు. అడిగితే దంతపు ముక్కల కట్ట కూడా తెప్పిస్తామని ఆ దుకాణంవారు అన్నట్టు అదే వ్యాసంలో ఉంది. ఏనుగు దంతం వ్యాపారాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించి దశాబ్దాలైంది. అది చదివి కూడా ఏ శాఖా కదిలినట్టు లేదు.

ఇంట్లో తాతల నాటి కట్ట ఉన్న సామాన్యుడు దాని వయసు తెలుసుకోవాలంటే మన జిల్లాల్లో ఏ గడప తొక్కాలి? నేను విచారించిన కార్యాలయంలో ఒక బల్ల దగ్గరినుంచి ఇంకో బల్ల దగ్గరికి పంపారు, చివరికి తమ పని కాదన్నారు. ఒక ప్రదర్శనశాలలో గంజిఫా ముక్కల కింద ‘18–19 శతాబ్దాలు’ అని రాసి వదిలేశారు. ఏ ప్రాంతానివి, ఎక్కడినుంచి వచ్చాయి అన్న వివరమే లేదు. నిర్మల్ చిత్రకారులైన నకాషీలు ఒకప్పుడు గంజిఫా ముక్కలు కూడా చిత్రించినవారు. మన నేల మీదే ఇంత పనితనం ఉండగా పాత నిర్మల్ ముక్కను గుర్తుపట్టి చెప్పగల మనిషి ప్రభుత్వ కొలువులో ఒక్కరైనా ఉన్నారా అని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

ఆ కట్టకు గోల్కొండ పేరు, మూడున్నర శతాబ్దాల వయసు ఏ ఆధారంతో వచ్చాయో అమ్మినవారిని అడిగి ప్రచురించండి. ఆధారం లేకపోతే, వ్యాసం వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయండి. కొన్నవారు ఇంకా బయలుదేరకపోతే ముందుగా భారత పురావస్తు శాఖకు చూపించి ధ్రువపత్రం తీసుకోమని దయచేసి ఆ సవరణలోనే రాయండి.

— విశ్రాంత చిత్రలేఖన ఉపాధ్యాయుడు, హనుమకొండ