మా బాపును బతికించిన వారికి కృతజ్ఞతలు

హన్మకొండ సుబేదారిలో ఉదయపు నడకకు వెళ్లి కుప్పకూలిన మా బాపు స్టెంట్ వేయించుకుని క్షేమంగా ఇల్లు చేరారు. ఊపిరి ఆడడం లేదని గుర్తించి వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టిన నర్సింగ్ విద్యార్థినికి, పక్క అపార్ట్‌మెంట్ నుంచి ఏఈడీ (లయ తప్పిన గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే యంత్రం) పెట్టెతో పరుగెత్తుకొచ్చిన వాచ్‌మన్ అన్నకు, 108 సిబ్బందికి మా కుటుంబమంతా రుణపడి ఉంటుంది. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ (ఇలా ఛాతీ నొక్కడం), షాక్ అందకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా తగ్గుతుంది కాబట్టి, అంబులెన్స్ రాకముందు వీరు చేసిన పనే ఆయన ప్రాణం నిలిపింది.

మేము దండం పెట్టబోతే వాచ్‌మన్ అన్న అడిగిన మొదటి మాట, "నా మీద కేసేం కాదు కదా సార్?" అని. తెలిసిన వకీలు గారు ఓపికగా వివరించినది ఆయన కోసం, ఆయనలా జంకే వారి కోసం ఇక్కడ రాస్తున్నాను. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ సాయపడిన వారికి సివిల్, క్రిమినల్ చర్యల నుంచి రక్షణ ఇస్తుంది గాని, అది రోడ్డు ప్రమాద బాధితులకు సాయం చేసినప్పుడే వర్తిస్తుంది. నడుస్తూ పడిపోయిన మనిషి విషయంలో అక్కరకొచ్చేది నేరాలు, శిక్షల చట్టమైన భారతీయ న్యాయ సంహితలోని 30వ సెక్షన్. సమ్మతి చెప్పలేని స్థితిలో ఉన్నవారి మేలు కోరి సద్బుద్ధితో చేసిన పని, అందులోని షరతులకు లోబడి, నేరం కాదని అది చెబుతుంది. పైగా ఆ యంత్రం గుండె లయను తానే పరీక్షించి, అవసరమైతే తప్ప షాక్ ఇవ్వదు.

అయితే నష్టపరిహార దావాల సంగతి, యంత్రం కొని గోడకు తగిలించిన వారి బాధ్యత సంగతి ఈ సెక్షన్ తేల్చదు. అమెరికాలో 2000 సంవత్సరపు చట్టం, ఏఈడీని వాడినవారితో పాటు, దాన్ని సరిగా నిర్వహించడం వంటి షరతుల మీద, కొన్నవారికీ సివిల్ బాధ్యత నుంచి రక్షణ ఇచ్చింది. మనకూ అంత స్పష్టత కావాలన్నది నా అభిప్రాయం. "ఏదైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి" అని కొందరు అడ్డుపడినా ఆ పెట్టె పెట్టించిన అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి గారికి ప్రత్యేక నమస్కారాలు. షాక్ ఇచ్చేందుకు ఒకసారి ఛాతీకి అంటించిన ప్యాడ్లు మళ్లీ పనికిరావు గనుక, కొత్త జత కొని సంఘానికి అప్పగించాము.